18 నిండిన అబ్బాయి, బతికే ఉన్న నాయనమ్మ: కెన్యాలో మేము పోషిస్తున్న పిల్లల విషయంలో ఏం చేయాలి?

ప్రశ్న: మేము క్రైస్తవ దంపతులం. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు కెన్యా రాజధాని నైరోబిలో ఉన్నాం. అక్కడ మేము వెళ్లే సంఘం ద్వారా ఒక పిల్లల గృహం పరిచయమైంది. అందులో పెరుగుతున్న ముగ్గురు తోబుట్టువుల పోషణకు, చదువుకు నెలనెలా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టి, భారతదేశానికి తిరిగి వచ్చాక కూడా మానకుండా పంపుతున్నాం. పెద్దవాడికి 18 ఏళ్లు నిండడంతో గృహం నుంచి పంపించేశారు. ఇప్పుడు నైరోబిలో అద్దె గదిలో ఉంటూ, అద్దె కట్టాలనీ, ఫోన్ పోయిందనీ వాట్సాప్‌లో తరచూ సందేశాలు పెడుతున్నాడు. డబ్బు తన స్నేహితుడి నంబరుకు పంపమంటున్నాడు. గృహం డైరెక్టరుగారేమో, "నేరుగా డబ్బు పంపితే చెడిపోతాడు, ఇప్పటికే ఆరాధనకు రావడం మానేశాడు" అంటున్నారు. పైగా ఈ పిల్లల నాయనమ్మ పశ్చిమ కెన్యాలో బతికే ఉందని ఈమధ్యే అబ్బాయి మాటల్లో బయటపడింది. అనాథలనుకుని ఇన్నేళ్లు పోషించాం, మోసపోయామా? గృహంలో ఉన్న 16 ఏళ్ల చెల్లెలికి, 12 ఏళ్ల తమ్ముడికి డబ్బు ఆపేయాలా? అబ్బాయిని ఇక్కడికే తెచ్చుకుందామని నా భార్య అంటోంది, ఇక మన బాధ్యత తీరిందని నేనంటున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ప్రియమైన సహోదర దంపతులకు వందనాలు. మీ ఉత్తరంలో ప్రశ్నలు చాలా ఉన్నాయి గానీ, ముందు అబ్బాయి సంగతి చూద్దాం. మిగతావాటికి కొన్ని నెలల వ్యవధి ఉంది, అతని గది అద్దె కట్టే విషయంలో మాత్రం ఆ వ్యవధి లేదు.

స్నేహితుడి నంబరుకు డబ్బు పంపమన్నాడన్న మాట దగ్గర మీకు అనుమానం కలిగిందని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. ఆ అనుమానాన్ని కాసేపు పక్కన పెట్టి, అతన్ని ఒక్క విషయం అడగండి: నీకు నేషనల్ ఐడీ కార్డు వచ్చిందా? కెన్యాలో 18 నిండినవారు ఆ కార్డు తీసుకోవాలి. అది లేకపోతే సొంత పేరుమీద సిమ్ ఉండదు, సిమ్ లేకపోతే ఎం-పెసా ఖాతా, అంటే ఫోన్ ద్వారానే డబ్బు దాచుకుని పంపుకునే ఖాతా ఉండదు. 2007లో మొదలైన ఎం-పెసా ఆ దేశంలో మామూలు మనిషికి పర్సు, బ్యాంకు రెండూ అయి కూర్చుంది. ఇంటద్దె, కరెంటు, బస్సు చార్జీ, కూరగాయలు అన్నీ దాని మీదే నడుస్తాయి. కాబట్టి ఫోన్ పోయిందంటే చేతిలో డబ్బు కూడా పోయిందన్నమాట. ఐడీ లేని కుర్రవాడు స్నేహితుడి నంబరు ఇవ్వక మరెవరి నంబరు ఇస్తాడు? అతను అబద్ధమాడటం లేదని నేను ఇక్కడ కూర్చుని హామీ ఇవ్వలేను గానీ, ఆ ఒక్క కారణంతో అతన్ని మోసగాడని అనుకోవడం మాత్రం న్యాయం కాదు.

ఆ కార్డు కోసం దరఖాస్తు చేయాలంటే జనన ధృవీకరణ పత్రం, తల్లిదండ్రుల గుర్తింపు కార్డుల ప్రతులు అడుగుతారు. ఆ ప్రాంతపు చీఫ్, అంటే ప్రభుత్వం నియమించిన స్థానిక అధికారి, ఇతను ఫలానావారి బిడ్డ అని నిర్ధారించాలి. పిల్లల గృహాల్లో పెరిగి బయటికి వచ్చిన యువకులు ఎక్కువగా చిక్కుకుపోయేది ఇక్కడే. తల్లిదండ్రుల కాగితాలు ఉండవు, పుట్టిన ఊరి చీఫ్‌కు వీళ్లెవరో తెలియదు, గృహం ఉన్న ఊరి చీఫ్‌కు వీళ్ల వంశం తెలియదు. కార్డు లేకపోవడంతో ఉద్యోగం, బ్యాంకు ఖాతా, విద్యా రుణం, పాస్‌పోర్టు అన్నీ ఆగిపోతాయి. మీరు నెలనెలా ఎంత పంపినా ఈ ముడి విప్పకుండా అతను తన కాళ్ల మీద నిలబడలేడు. మిమ్మల్ని ఇంత కలవరపెట్టిన ఆ నాయనమ్మే ఈ ముడి విప్పగలిగిన మనిషి కావచ్చునని నా అభిప్రాయం. తన ఊరి చీఫ్ దగ్గరికి వెళ్లి, వీడు నా కొడుకు బిడ్డ, వీడి తండ్రి ఫలానా ఏడాది చనిపోయాడు అని చెప్పడానికి ఆమె కంటే తగిన సాక్షి ఎవరుంటారు?

మీ దగ్గర కూడా కొంత ఆధారం ఉండి ఉంటుంది. పిల్లలను మీకు పరిచయం చేసినప్పుడు గృహంవారు ఇచ్చిన పరిచయ పత్రం, అందులోని పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఊరి పేరు, ఏటేటా వచ్చిన ఉత్తరాలు, తేదీ వేసిన ఫొటోలు వెతికి తీయండి. అన్నింటినీ స్కాన్ చేసి అతనికి పంపండి. అవి ప్రభుత్వ పత్రాలు కావు, కానీ గృహంలో చేరినప్పటి రికార్డులు వెలికి తీయించడానికి, అక్కడి చిల్డ్రన్స్ ఆఫీసరు, అంటే పిల్లల సంక్షేమం చూసే ప్రభుత్వ అధికారి, దగ్గర ఒక ఉత్తరం రాయించుకోవడానికి పనికొస్తాయి. చిన్నప్పటి ఫొటో ఒక్కటి కూడా చేతిలో లేకుండా గృహం గడప దాటే పిల్లలు ఎందరో ఉంటారు. మీ దగ్గర ఉన్నవి నిజానికి అతని ఆస్తి.

డబ్బు పంపే పద్ధతి గురించి. ఇలాంటి గృహాల్లో గంట కొడితే లేచి, గంట కొడితే తిని, గంట కొడితే పడుకున్న పిల్లవాడు ఒకరోజు పొద్దున సంచి భుజాన వేసుకుని నైరోబిలో దిగితే ఏమవుతుందో ఊహించండి. గది యజమాని ఒక నెల అద్దె అడ్వాన్సు అడుగుతాడు. కరెంటు మీటరుకు ముందే టోకెన్ కొని, ఆ అంకెలు నొక్కితేనే దీపం వెలుగుతుంది. నీళ్ల డబ్బా ఇంత, బొగ్గు ఇంత, మొక్కజొన్న పిండి ఇంత అని లెక్క వేయడం అతనికి ఎవరు నేర్పారు? వంద మందికి వండిన గిన్నెలోంచి తిన్నవాడికి ఒక్కడికి ఎంత పిండి కావాలో తెలియదు. అందువల్ల మొదటి నెలల్లో డబ్బు మూడో వారానికే అయిపోవడం చెడిపోయినదానికి గుర్తు కాదు, తెలియకపోవడానికి గుర్తు. అడిగినప్పుడల్లా కొంత పంపే పద్ధతి మాత్రం ఇద్దరికీ చేటు. అతను అడగడంలో ఆరితేరతాడు, మీరు విసిగిపోతారు. నెలలో ఒక నిర్ణీత తేదీన, ముందే చెప్పిన ఒక నిర్ణీత మొత్తం పంపండి. రెండేళ్లపాటు ఇస్తామనీ, రెండో ఏడు ఇంత తగ్గుతుందనీ మొదట్లోనే చెప్పేయండి. ఏదైనా వృత్తి విద్యాసంస్థలో చేరితే ఆ ఫీజు అతని చేతికి కాకుండా సంస్థ ఖాతాకే కట్టండి. జబ్బు చేసినప్పుడు వాడుకోవడానికి కొంత విడిగా ఉంచి, ఎంత ఉందో అతనికి తెలియనివ్వండి. ఆ తర్వాత అతను రూపాయి రూపాయికీ లెక్క చెప్పాలని పట్టుబట్టకండి, మన ఇళ్లలో కాలేజీ పిల్లలు కూడా అలాంటి లెక్కలు చెప్పరు.

మన దేశం నుంచి పంపేటప్పుడు విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే రిజర్వు బ్యాంకు వారి ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు, మీ మొత్తం దానికి ఎన్నో రెట్లు తక్కువే అయి ఉంటుంది. ఉద్దేశం అన్న చోట అబ్బాయికి పంపేది బహుమతి అనీ, గృహానికి పంపేది విరాళం అనీ ఉన్నది ఉన్నట్టు రాయండి. విదేశీ సంస్థకు ఇచ్చిన విరాళానికి ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు రాదు.

ఇక డైరెక్టరుగారి మాట. నేరుగా పంపవద్దు అనడంలో కొంత అర్థం ఉంది. దాతలకు, పిల్లలకు మధ్య నేరుగా డబ్బు నడవకూడదని మంచి సంస్థలు కూడా నియమం పెట్టుకుంటాయి. అయితే ఆ నియమం గృహంలో ఉన్న మైనరు పిల్లలకు వర్తిస్తుంది. తామే బయటికి పంపించేసిన పెద్దవాడికి వర్తిస్తుందనడం నాకు సబబుగా తోచలేదు. ఆరాధనకు రావడం మానేశాడన్న ఫిర్యాదును మీ సహాయంతో ముడిపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇన్నేళ్లు ప్రార్థనలు వరుసలో నిలబడి చేసిన అబ్బాయి ఇప్పుడు మొదటిసారి తన ఇష్టంతో వెళ్లాలో మానాలో తేల్చుకుంటున్నాడు. నెల జీతంలాగా ముట్టే సహాయం కోసం ఆదివారం కనిపించే భక్తి దేవునికీ అవసరం లేదు, మీకూ అవసరం లేదు. దానికి బదులు, నైరోబిలో మీరు వెళ్లిన సంఘంలో మీకు బాగా తెలిసిన ఒక కుటుంబాన్ని అడగండి: నెలకు రెండుసార్లు ఈ అబ్బాయిని భోజనానికి పిలవగలరా, గది యజమానితో గొడవైతే ఒక మాట సాయం చేయగలరా అని. సంరక్షణ గృహాల నుంచి బయటికి వచ్చే ప్రతి యువకుడికీ, వీలైనంతవరకు, స్వతంత్రంగా నిలదొక్కుకునేలా తోడుండే ఒక ప్రత్యేక వ్యక్తిని కేటాయించాలని 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ పని మీ గృహం చేయలేదు కనుక సంఘం చేయాలి. ఇలా గృహాల్లో పెరిగి బయటికి వచ్చినవారు తమకు తామే ఏర్పరచుకున్న కెన్యా సొసైటీ ఆఫ్ కేర్ లీవర్స్ అనే సంఘం కూడా ఉంది. ఐడీ కార్డు దగ్గర చిక్కుకున్నవాడికి, ఆ దారి నడిచి వచ్చినవారి సలహా మన సలహాల కంటే విలువైనది.

మోసపోయామా అని అడిగారు. పూర్తిగా అవునని గానీ కాదని గానీ చెప్పడానికి మీ ఉత్తరంలో ఆధారం లేదు. అయితే ప్రపంచంలో ఎక్కడ చూసినా అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో అధికశాతం మందికి తల్లో తండ్రో బతికే ఉంటారు, మిగిలినవారిలోనూ చాలామందికి అమ్మమ్మో, నాయనమ్మో, మేనమామో ఉంటారు. పశ్చిమ కెన్యాలో ముఖ్యంగా విక్టోరియా సరస్సు చుట్టుపక్కల జిల్లాల్లో హెచ్‌ఐవీ ఒక తరాన్ని తీసుకుపోయింది, ఆ తరం బిడ్డలను ముసలివాళ్లే సాకారు. సాకలేనివారు పిల్లలను గృహానికి అప్పగించారు. పిల్లల మీద ప్రేమ లేక కాదు, అక్కడైతే మూడు పూటలా తిండి, బడి యూనిఫాం దొరుకుతాయని. కాబట్టి ఆమె బిడ్డలను వదిలేసిందని గానీ, గృహంవారు ఆమెను దాచిపెట్టారని గానీ తొందరపడి తీర్పు తీర్చవద్దు. ఆ రోజుల్లో ఆమెకు బడి ఫీజు ఎవరైనా కట్టి ఉంటే ఈ పిల్లలు గృహానికి వచ్చేవారే కాదేమో. మనలాంటి దాతలు చాలాకాలంగా గృహంలోని మంచానికి డబ్బిచ్చారు, ఇంటి గడపలో ఉన్న నాయనమ్మకు ఇవ్వలేదు. ఈ మాట మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు. మీకు చూపించినదానికి మీరు స్పందించారు.

మన సంఘాల్లో అనాథల పరిచర్య అనగానే జార్జి ముల్లర్ పేరు చెబుతాం. ఆయన 1836లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో అనాథ గృహం తెరిచినప్పుడు తల్లినీ తండ్రినీ ఇద్దరినీ పోగొట్టుకున్న పిల్లలకే అందులో చోటు. పెరిగినవారిని ఊరికే బయటికి పంపకుండా ఒక యజమాని దగ్గర పనిలో కుదిర్చి పంపేవారు. ఆయన స్థాపించిన సంస్థే 1958లో ఆ పెద్ద పెద్ద భవనాలను అమ్మేసి, పిల్లలు చిన్న కుటుంబాల్లా ఉండే ఇళ్ల వైపు మళ్లింది. ముల్లర్‌ను తలచుకుని ఇంకా కొత్త భవనాలకు పునాదులు వేస్తున్నవారు ఈ చివరి సంగతి ఎందుకో చెప్పరు.

కెన్యా ప్రభుత్వం కూడా ఇప్పుడు అటే నడుస్తోంది. 2022లో కొత్త బాలల చట్టం వచ్చింది. అదే ఏడాది పిల్లలను సంస్థల నుంచి కుటుంబాల్లోకి మార్చే పదేళ్ల జాతీయ వ్యూహాన్ని ప్రకటించారు, అది 2032 వరకు సాగుతుంది. అంటే మీరు డబ్బు పంపుతున్న గృహం ముందున్న దారి కూడా మారబోతోంది. ఈ నేపథ్యంలో చిన్నవాళ్లిద్దరికీ డబ్బు హఠాత్తుగా ఆపేయడం నేను ఒప్పుకోను. దాతలు ఒక్కసారిగా చేయి తీసేస్తే గృహంవారు పిల్లలను ఏ సన్నాహమూ లేకుండా బస్సెక్కించి పంపేస్తారు. ముసలామె ఇంట్లో మరో ఇద్దరు మనవలు, ఒకటే గది, నెలాఖరుకు పిండి లేని డబ్బా ఉండవచ్చు. పిల్లలు ఇంటికి వెళ్లాలంటే ముందు ఎవరైనా వెళ్లి ఆ ఇల్లు చూడాలి, నాయనమ్మ ఆరోగ్యం చూడాలి, సెలవుల్లో పిల్లలు వెళ్లి ఉండి రావాలి, వెళ్లాక కూడా కొన్నాళ్లు ఒకరు వచ్చి చూస్తూ ఉండాలి. ఆ పిల్లలు వెళ్తామంటారా లేదా అన్నది కూడా అడగాలి. పన్నెండేళ్లవాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ గృహమే ఇల్లు.

అందుకని డైరెక్టరుగారికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. గృహం కెన్యా ప్రభుత్వ బాలల విభాగమైన డైరెక్టరేట్ ఆఫ్ చిల్డ్రన్ సర్వీసెస్ దగ్గర నమోదై ఉందా, ఇద్దరు పిల్లలనూ అక్కడ ఉంచడానికి కోర్టు ఉత్తర్వు ఉందా, ఒక్కొక్కరికీ విడి ఫైలు ఉందా, బంధువులను చివరిసారి ఎప్పుడు కలిశారు, చిల్డ్రన్స్ ఆఫీసరు చివరిసారి ఎప్పుడు వచ్చి చూశారు అని అడగండి. కొన్నాళ్లపాటు మీ డబ్బు ఆగదనీ, అందులో కొంత పిల్లలను బంధువులతో కలిపే పనికి, సామాజిక కార్యకర్త ప్రయాణాలకు వాడవచ్చనీ, పిల్లలు ఇంటికి చేరితే ఆ సహాయం వారి వెంటే వెళుతుందనీ స్పష్టంగా రాయండి. ఒక జాగ్రత్త మాత్రం మరచిపోకండి. నాయనమ్మ సంగతి మీకు పెద్దవాడు చెప్పాడని ఉత్తరంలో రాయవద్దు. తోబుట్టువులిద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు, అతని మాట వల్ల వాళ్లకు కష్టం రాకూడదు. బంధువుల వివరాలు దాతలుగా మీరు అడుగుతున్నట్టే అడగండి. మంచి గృహమైతే ఈ ప్రశ్నలకు సంతోషిస్తుంది, కనీసం సమాధానమైనా ఇస్తుంది. కోపం, దాటవేత, డబ్బు ఆపుతారా అన్న బెదిరింపు ఎదురైతే ఆ ప్రాంతపు చిల్డ్రన్స్ ఆఫీసరుకు రాయాలి. పిల్లలకు హాని జరుగుతోందని అనుమానం వస్తే కెన్యాలో 116 నంబరు బాలల సహాయవాణి ఉంది, నైరోబిలోని మీ సంఘంవారు ఫోన్ చేయగలరు.

నాయనమ్మకు చేసే సహాయం కొద్దిగా, అందరికీ తెలిసేలా ఉండాలి. బడి ఫీజు నేరుగా బడికి కట్టడం మంచిది. ఆమెకు 70 ఏళ్లు దాటితే ఇనువా జామీ పథకం కింద ప్రభుత్వం నెలకు 2,000 షిల్లింగులు ఇచ్చే అవకాశం ఉంది. ఆమె అందులో నమోదైందో లేదో పెద్దవాడే కనుక్కోగలడు. విదేశాల నుంచి పెద్ద మొత్తాలు వస్తే ఆమె ఇంటి ప్రాంగణంలోని మిగతా కోడళ్లు, కొడుకులు ఆమెను ప్రశాంతంగా ఉండనివ్వరు.

సహోదరీ, అబ్బాయిని ఇక్కడికే తెచ్చుకుందామన్న మీ మనసు నాకు అర్థమైంది. కానీ అది జరగదు, జరగకపోవడమే మంచిది. 18 నిండినవారిని దత్తత తీసుకోవడానికి మన బాలల న్యాయ చట్టంలో వీలు లేదు. చిన్నవాళ్ల విషయానికొస్తే, కెన్యా 2014లోనే విదేశీయులకు దత్తత ఇవ్వడాన్ని నిలిపివేసింది. చదువు వీసా మీద వచ్చినా అతని చెల్లెలు, తమ్ముడు, నాయనమ్మ, భాష అన్నీ అక్కడ ఉండిపోతాయి. ఇప్పుడిప్పుడే దొరుకుతున్న తన మనుషులకు అతన్ని దూరం చేసి మనం ఏం ఇవ్వగలం? "దేవుడు ఏకాంగులను సంసారులనుగా చేయువాడు" అని, అంటే ఒంటరివారికి కుటుంబాన్ని ఇచ్చేవాడని, బైబిల్లో 68వ కీర్తనలో చదువుతాం. ఆ సంసారం మీ ఇంట్లోనే కట్టాలని అక్కడ లేదు.

సహోదరా, 18 నిండాయి కనుక బాధ్యత తీరిందన్న మీ మాట చట్టప్రకారం సరైనదే. చట్టప్రకారం మీకు ఏ రోజూ ఏ బాధ్యతా లేదు, అయినా ఇన్నేళ్లు చేశారు. మీ సొంత పిల్లలైతే 18 నిండిన మర్నాడు సంచి ఇచ్చి పంపించేవారా అన్నది మీరే ఆలోచించండి. నేను అడుగుతున్నది జీవితాంతం మోయమని కాదు, రెండేళ్ల గడువు పెట్టుకుని నెమ్మదిగా చేయి వదలమని.

మీ సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు గానీ, ఫేస్‌బుక్‌లో గానీ ఈ పిల్లల ఫొటోలు, వాళ్ల తల్లిదండ్రులు ఎలా చనిపోయారన్న కథ పెట్టి ఉంటే తీసేయండి. పెద్దవాడు ఇప్పుడు వాటిని చూడగలడు, అతని తోటివారూ చూడగలరు.

చెల్లెలికి 16 ఏళ్లన్నారు. అన్నకు జరిగినది ఆమెకు జరగకుండా చూడడానికి ఇంకా రెండేళ్ల వ్యవధి ఉంది. డైరెక్టరుగారికి రాసే ఉత్తరంలోనే ఆమె జనన ధృవీకరణ పత్రం ఉందా అని అడగండి, లేకపోతే అది తీయించే ఖర్చు మీరు భరిస్తామని రాయండి. సెలవుల్లో ఒక వారం నాయనమ్మ దగ్గరో, సంఘంలోని ఆ కుటుంబం దగ్గరో ఉండి, బజారుకు వెళ్లి తన చేత్తో డబ్బిచ్చి కొనడం, వండడం అలవాటు చేసుకునేలా చూడమనండి. ఏ చదువు చదవాలని ఉందో ఆమెనే అడిగి, ఆమె చేతివ్రాతతోనే జవాబు రాయించమనండి. ఆ జవాబు వచ్చాక మీరిద్దరూ కూర్చుని, రెండేళ్ల తర్వాత ఎంత పంపగలరో, ఎంత పంపలేరో అప్పుడే లెక్క వేసుకోండి.